పిన్నిగారి చెప్పులు

ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఈ వేసవిలోనే మీలో ఎవరో ఒకరు వెళ్లొచ్చి, ఫోన్‌లో మూడువందల ఫోటోలు నా ముందు పెట్టి, "మీరు రాసిన చర్చి ఇదేనా?" అని అడుగుతారు. ఆ మెట్లు మళ్లీ చూసే ధైర్యం నాకు లేదు. రోమ్ నుంచి రైల్లో గంటన్నర దూరంలో, కొండ నెత్తిన ఉన్న ఒక పాత ఇటలీ ఊరు అనుకోండి, చాలు.

ఎనభైల మొదట్లో మాట ఇది. అప్పటికి నేనూ మా ఆయనా చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాం. మాకు నాలుగు వీధుల అవతల నా స్నేహితురాలూ వాళ్లాయనా ఉండేవాళ్లు. చుట్టుపక్కల తెలుగు మాట వినబడితే వెనక్కి తిరిగి చూసే రోజులు. నాకు జ్వరం వస్తే తను చారు కాచి పట్టుకొచ్చేది. తను డ్రైవింగ్ టెస్ట్ రెండోసారి తప్పి కార్లో కూచుని ఏడుస్తుంటే, పక్క సీట్లో కూచుని ఆ పరీక్ష పెట్టినాయన్ని తిట్టిపోసింది నేను. తోబుట్టువులు లేని లోటు ఒకరికొకరం తీర్చుకున్నాం.

ఆ ఏడు నలుగురం కలిసే ఇండియా వెళ్లాం, కలిసే తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు మాతో ఐదో మనిషి ఉన్నారు. నా స్నేహితురాలి తల్లి. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. కూతురి దగ్గర ఆరునెలలు ఉండటానికి మొదటిసారి అమెరికా వస్తున్నారు. నేను ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడకి షుగర్ ఉంది. కాళ్లకి స్పర్శ తగ్గిందనీ, ఇంట్లో కూడా ఉత్తికాళ్లతో నడవద్దనీ అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడట. మెత్తటి రబ్బరు అడుగు వేయించి ప్రత్యేకంగా కుట్టించుకున్న చెప్పులు వేసుకుని వచ్చారు. బొంబాయి ఎయిర్‌పోర్టులో నా స్నేహితురాలు ఆ సంగతంతా నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. కాబట్టి నాకు తెలియదనడానికి వీల్లేదు.

రోమ్‌లో రెండురోజులు ఆగుదామన్న ఆలోచన నాదే. విమానం ఎలాగూ అక్కడ ఆగుతుంది, టికెట్‌లో ఆ వెసులుబాటు ఉంది. "రోమ్ అందరూ చూస్తారు, మనం ఒక పాత ఊరు చూద్దాం, తీరిగ్గా తిరుగుదాం" అని కూడా నేనే అన్నాను. అందుకోసం ఒక గైడ్ పుస్తకం కొని, ఇండియాలో ఉన్న నాలుగు వారాలూ దాన్ని పట్టుకు తిరిగాను. మా ఐదుగురిలో నేనొక్కదాన్నే పుస్తకం చదివానని నాకు ఎంత పొగరంటే, రైలు దిగిన దగ్గర్నుంచీ నోరు మూయలేదు. ఆ గోడ ఏ కాలంలో కట్టారు, ఈ రాయి ఎక్కడినుంచి తెచ్చారు, కాఫీ నిలబడి తాగాలా కూచుని తాగాలా, అన్నీ నేనే చెప్పాలి.

"ఈవిడ పోయిన జన్మలో ఇక్కడే పుట్టుంటుంది" అని నా స్నేహితురాలి ఆయన ఆటపట్టించాడు.

"ఆ జన్మలో కూడా ఇలాగే వాగి ఉంటుంది, అందుకే మనదేశానికి పంపించేశారు" అన్నారు మా ఆయన.

అందరం నవ్వాం. పిన్నిగారు మాత్రం, "చెప్పనివ్వండి బాబూ, చదువుకుని వచ్చింది. వింటే మన సొమ్మేం పోతుంది" అన్నారు. ఆవిడ నిజంగానే వింటున్నారు. మధ్యమధ్యలో ప్రశ్నలు కూడా వేస్తున్నారు. నీళ్లు కొండ మీదకి ఎలా ఎక్కించేవాళ్లమ్మా అని అడిగితే, నాకు తెలియక పేజీలు తిరగేశాను.

జూన్ నెల. పొద్దున్న పదింటికే ఎండ చురుక్కుమంటోంది. సన్నటి సందులు, రెండువైపులా పసుపురాతి ఇళ్లు, కిటికీల్లో ఎర్ర పూలకుండీలు. మేం ఐదుగురం తీరిగ్గా నడిచాం. ఒకచోట పీచ్ పళ్లు కొనుక్కుని ఫౌంటెన్ గట్టు మీద కూచుని తిన్నాం. పిన్నిగారు పండు చేతిలో పట్టుకుని వాసన చూసి, "మామిడి కాదు గానీ, దానికి వరసకి చెల్లెలవుతుంది" అన్నారు. నేను ఇప్పటికీ పీచ్ పండు కోసినప్పుడల్లా ఆ మాట అనుకుంటాను.

పదకొండింటికి చర్చి ముందుకి వచ్చాం. ముందువైపు గోడంతా బొమ్మలు, బంగారు రంగు. నా స్నేహితురాలూ వాళ్లాయనా ఎదురుగా దూరంగా నిలబడి, మొత్తం గోడ కెమెరాలో పట్టడానికి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. నేనూ పిన్నిగారూ మెట్లెక్కాం. మా ఆయన మా వెనకాల ఉన్నారు.

ద్వారం దగ్గర నల్లకోటు వేసుకున్న కాపలా మనిషి నాకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. నేను స్లీవ్‌లెస్ బ్లౌజూ స్కర్టూ వేసుకున్నాను. యూరప్‌లో వేసుకుందామని చికాగోలోనే కొనుక్కున్న కొత్త బట్టలు. అతను నా భుజాల వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపి, గట్టిగా ఏదో అన్నాడు. భుజాలు కప్పుకోవాలన్న పేజీ ఆ పుస్తకంలో ఉందని తర్వాత తెలిసింది. నేను చదవలేదు. వెనక వరసలో నిలబడ్డ వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. ఎవరో అమెరికన్ ఆవిడ పక్కావిడతో ఏదో అని నవ్వింది. తల కొట్టేసినట్టయింది నాకు. పొద్దుటినుంచీ అందరికీ పాఠాలు చెప్పినదాన్ని, గుమ్మంలోనే ఆగిపోయాను.

పిన్నిగారు చేతిసంచిలోంచి నేత శాలువా తీసి నా భుజాల మీద కప్పారు. విమానంలో చలికని తెచ్చుకున్నది. కాపలా మనిషి ఆవిడకి తల వంచి దారి ఇచ్చాడు.

"మన గుళ్లలోనూ అంతేగా తల్లీ. పద్ధతి ఎక్కడైనా పద్ధతే" అన్నారు ఆవిడ.

ఎంత మెత్తగా అన్నారో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు అది పుండు మీద కారంలా తగిలింది. తెనాలి దాటి రాని ఈవిడ నాకు పద్ధతులు చెప్పడమేమిటి అనిపించింది. నిజంగా ఇవే మాటలు అనుకున్నాను. దాచి ప్రయోజనం లేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ అడిగారు. "అవునమ్మాయ్, చెప్పులు ఎక్కడ విప్పాలి?"

విప్పక్కర్లేదు పిన్నిగారూ, అలాగే రండి. అంతే అనాల్సింది. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? నేను మా ఆయన వైపు తిరిగి కన్ను కొట్టి, చాలా మర్యాదగా, "ఇక్కడే, ఆ స్తంభం పక్కన విప్పండి. వీళ్లకీ మనలాగే మడి ఎక్కువ" అన్నాను. నాతోపాటు ఇంకొకరు కూడా నవ్వులపాలు కావాలి, అదీ నా కోరిక. ఆవిడ లోపలికి రెండడుగులు వేసి, అందరి బూట్లూ చూసి సిగ్గుపడితే, నేను నవ్వి, "ఊరికే అన్నాను పిన్నిగారూ, వెళ్లి తొడుక్కోండి" అంటాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

ఆవిడ వంగి, చెప్పులు విప్పి, రెండూ జతగా స్తంభం పక్కన పెట్టి లోపలికి వచ్చారు. గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగి నేల వైపు చూశారు. నేల మీద నలుపూ తెలుపూ పాలరాళ్లతో ముగ్గులున్నాయి. వాటినే చూస్తున్నారనుకున్నాను. ఈలోగా నా స్నేహితురాలు లోపలికి వచ్చి "ఏమే, ఆ కిటికీ చూడవే!" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రంగురంగుల గాజుకిటికీలోంచి ఎండ పడుతోంది. నేను పుస్తకం తెరిచాను. మళ్లీ గొంతు లేచింది. గంటసేపు ఆ చర్చిలో ప్రతి మూలా చూపించాను. చెప్పుల మాటే మరిచిపోయాను.

బయటికి వచ్చేసరికి స్తంభం పక్కన ఏమీ లేదు.

ముందు అందరం చుట్టూ వెతికాం. మెట్ల కింద, గోడ వార, చెత్తడబ్బాలో కూడా చూశాం. కాపలా మనిషి మారిపోయి వేరే అతను ఉన్నాడు. చేతులతో చెప్పుల ఆకారం చూపిస్తే భుజాలెగరేశాడు. ఊడ్చేవాళ్లు పాతవనుకుని పారేశారో, ఎవరైనా తమాషాకి పట్టుకుపోయారో ఈనాటికీ తెలియదు.

నా స్నేహితురాలికి కోపం వచ్చేసింది. "అమ్మా! అసలు ఎందుకు విప్పావు? ఇదేమన్నా మన రామాలయమా? ఇంతమంది బూట్లతో వెళ్తున్నారు, కనబడలేదూ? డాక్టరు ఏం చెప్పాడు నీకు?"

 ఇప్పుడు ఆవిడ నా వైపు వేలు చూపిస్తారు, ఈ అమ్మాయే విప్పమంది అంటారు. అనగానే ఒప్పుకుందామనే అనుకున్నాను. నిజం.

పిన్నిగారు నా వైపు చూడనే లేదు. "అలవాటు తల్లీ. గుడి మెట్లెక్కగానే చెయ్యి దానంతటదే చెప్పుల మీదకి పోయింది" అన్నారు.

"చాదస్తం! ఎక్కడికెళ్లినా నీ చాదస్తం నీదే" అంది కూతురు.

మా ఆయన నా వైపు చూశారు. నేను పుస్తకంలో తల దూర్చాను. ఆవిడ మరిచిపోయినట్టున్నారు, పెద్దావిడ కదా, అని నాకు నేనే చెప్పుకున్నాను. ముప్ఫై ఏళ్లు క్లాసులో ఏ పిల్ల ఏ మాటందో గుర్తుపెట్టుకున్న మనిషి, గంట కిందటి మాట మరిచిపోయారట!

చెప్పులు కొందామంటే ఊళ్లో కొట్లన్నీ మూసేశారు. ఆ దేశంలో ఒంటిగంటకి మూస్తే మళ్లీ నాలుగింటికే తెరుస్తారు. అదైతే పుస్తకంలో చదివాను. అల్లుడు, "పోనీ స్టేషన్‌కి వెళ్లి కూచుందామండీ" అన్నాడు. పిన్నిగారు ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చి స్టేషన్‌లో కూచోవడమా? శ్రీశైలం మెట్లు ఉత్తికాళ్లతోనే ఎక్కాను. పదండి, పదండి. అదేదో పాత బావి చూపిస్తానంది ఈ అమ్మాయి."

కూతురు తన చెప్పులు విప్పబోయింది. ఎత్తుమడమల చెప్పులు. అవి వేసుకుంటే పడిపోతానని ఆవిడ నవ్వేశారు. నా కాళ్లకి కొత్త కాన్వాస్ బూట్లున్నాయి, మడమ లేనివి, మెత్తటివి. ఆవిడకి సరిపోయేవి కూడా. ఇస్తాననలేదు. ఇస్తే, నువ్వెందుకే ఇవ్వడం అని అడుగుతారేమోనని భయం. ఆ భయం తోటే కాళ్లు వెనక్కి లాక్కుని నిలబడ్డాను. చివరికి నా స్నేహితురాలు హ్యాండ్‌బ్యాగ్ వెతికి, విమానంలో ఊరికే ఇచ్చిన ఊదారంగు మేజోళ్లు తీసింది. ఆవిడ గట్టు మీద కూచుని చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుంటే, కూతురు సణుగుతూనే తొడిగింది. గంధంరంగు నేతచీర కింద ఊదారంగు మేజోళ్లు. మా ఆయన కెమెరా మెడలో వేసుకుని ఊరికే నిలబడి ఉంటే, అల్లుడే తీసుకుని ఫోటో తీశాడు.

ఆ మధ్యాహ్నమంతా ఊరు తిప్పాను. బావి చూశాం, పాత బజారు చూశాం, కొండ అంచున కోటగోడ మీదకి ఎక్కాం. రాళ్లు కాలుతున్నాయి, నా బూట్లలోంచే తెలుస్తోంది. నీడపట్టున నడిపించాలని మాత్రం చూశాను. నా మంచితనం అంతవరకే వచ్చింది. కోటగోడ మీంచి కిందకి చూస్తే ద్రాక్షతోటలు, మధ్యలో తెల్లటి మట్టిదారి, ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. పిన్నిగారు కొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఎంత చక్కగా చూపించావమ్మా! నా అంతట నేనైతే ఏం చూడగలను?" అన్నారు నాతో.

అప్పుడు చెప్పాల్సింది. పక్కన ఎవరూ లేరు కూడా. "ఇంకా చాలా ఉంది పిన్నిగారూ" అన్నాను.

నాలుగున్నరకి చెప్పుల కొట్టు తెరిచారు. కొట్టావిడ నడివయసు మనిషి. మోకాళ్ల మీద కూచుని పిన్నిగారి పాదం ఒళ్లో పెట్టుకుని మేజోడు లాగింది. లాగి, మనం అమ్మో అన్నట్టు, "మామా మియా" అంది. ఊదారంగు కదా, పైకి తెలియలేదు. ఎడమకాలి చిటికెనవేలు కింద బియ్యపుగింజంత గాజుముక్క దిగి ఉంది. మేజోడు అడుగంతా తడి.

"ఏమీ తెలియలేదే" అన్నారు పిన్నిగారు, తన పాదాన్ని వేరేవాళ్ల పాదంలా వింతగా చూస్తూ.

కూతురి మొహంలో రక్తం లేదు. కొట్టావిడ గిన్నెలో నీళ్లు తెచ్చి కడిగింది, అల్లుడు మందులషాపుకి పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడి, నాకేమీ సంబంధం లేనట్టు, రైలు టైము చూస్తున్నాను. రాత్రి హోటల్ గదిలో మా ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" నేను ఏడ్చి, కోపం తెచ్చుకుని, చిన్న గీతకి ఇంత రాద్ధాంతమా అని ఆయన మీదే అరిచాను. నేనే చెప్తానని మాట ఇచ్చాను. ఆయన మంచివారు. ఆ మాట మీద ఆగిపోయారు.

చిన్న గీత మానలేదు. నేపర్‌విల్ వచ్చిన పదిరోజులకి వేలు నల్లబడింది. మూడోవారం ఆస్పత్రిలో చేర్చారు. ఆగస్టులో ఆ వేలు తీసేశారు. ఆరునెలల్లో చూడాల్సిన నయాగరా లేదు, వాషింగ్టన్ లేదు. కిటికీ పక్క వాలుకుర్చీలో కాలు దిండు మీద పెట్టుకుని కూచోవడమే. నా స్నేహితురాలు పొద్దున్న ఏడింటి రైలుకి చికాగో ఆఫీస్‌కి వెళ్లి సాయంత్రం ఆరుకి వచ్చేది. వచ్చి కట్టు మార్చేది. మారుస్తున్నంతసేపూ తల్లిని దెప్పేది. పాపం, భయం దానికి. భయమేస్తే కోప్పడటమే తెలుసు.

"ఇప్పుడు చూడు. గుడి అట, అలవాటట. ఒక్క నిమిషం చాదస్తానికి వేలు పోయింది. నాకు లీవ్ లేదు, నీకు సుఖం లేదు."

"అవునమ్మా, నాదే బుద్ధి తక్కువ" అనేవారు ఆవిడ.

నేను కూరలు వండి పట్టుకెళ్లేదాన్ని. వారానికి మూడుసార్లు. కాకరకాయ, మెంతికూర పప్పు, చక్కెర లేని పాయసం. నా స్నేహితురాలు నన్ను కౌగిలించుకుని, "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నే" అనేది. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయేదాన్ని. అయినా నోరు విప్పలేదు. వాగుడుకాయ అని పేరు తెచ్చుకున్న నోరు, ఒక్క మాట దగ్గర పెదవులు కుట్టేసుకుంది.

అక్టోబర్‌లో ఒక శనివారం సాయంత్రం వాళ్లింట్లో స్లైడ్ షో పెట్టారు. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చినా తలా ఒక గిన్నె వండుకుని పోగయి, గోడ మీద దుప్పటి కట్టి స్లైడ్లు చూడటం రివాజు. షామ్‌బర్గ్ నుంచి కూడా రెండు కుటుంబాలు వచ్చాయి. పదిహేనుమంది ఉంటాం. తాజ్‌మహల్ అయింది, తిరుపతి అయింది, ఇటలీ వచ్చింది. క్లిక్‌మని ఒక స్లైడు పడింది. గోడంత పిన్నిగారు. గంధంరంగు చీర, ఊదారంగు మేజోళ్లు.

ఇల్లెగిరిపోయేలా నవ్వారు. "ఆంటీ, ఇదేం ఫ్యాషనండీ!" అన్నారెవరో. నా స్నేహితురాలు కథంతా చెప్పింది. చెప్పడం దానికి బాగా వచ్చు. చర్చి ముందు చెప్పులు విప్పి జతగా పెట్టి, దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్లిందట మా అమ్మ. దణ్ణం తను కల్పించింది. ఇంకా నవ్వారు. ప్రొజెక్టరు వెలుగులో పిన్నిగారి మొహం నాకు కనిపిస్తోంది. ఆవిడా నవ్వుతున్నారు. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు.

నేను నవ్వాను. గుర్తుంది నాకు, గట్టిగానే నవ్వాను.

డిసెంబర్‌లో ఆవిడ తిరుగుప్రయాణం. వారం ముందు, మా ఆయన మాటలు పూర్తిగా మానేశాక, ఒక మధ్యాహ్నం వెళ్లాను. కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో ఉన్నారు. బయట మంచు. పిన్నిగారు కిటికీ దగ్గర కూచుని, నా కారు రావడం చూసే ఉంటారు, తలుపు గడియ తీసే ఉంచారు. నేను బూట్లు గుమ్మంలో విప్పి, తడి మేజోళ్లతో వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూచున్నాను. ముందే తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి.

"పిన్నిగారూ, ఆ రోజు చెప్పులు విప్పమన్నది నేను. కావాలనే అన్నాను. నవ్వుదామని" అన్నాను.

 "తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "గుమ్మం దాటగానే చూశాను. ఒక్కరివీ ఉత్తికాళ్లు కావు. ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల బడిలో పనిచేశాను, ఆటపట్టించడం తెలియదా నాకు?"

"మరి వెనక్కి వెళ్లి తొడుక్కోలేదేం?"

"ఆ మనిషి నలుగురిలో నిన్ను ఆపేసరికి నీ మొహం ఇంతైపోయింది. మళ్లీ నేను వెనక్కి తిరిగితే ఎందుకని అడుగుతారు. పొద్దుటినుంచీ అంత సంబరపడుతున్నావు. పోనీలే, ఒక్క పది నిమిషాలేగా అనుకున్నాను. చెప్పులు పోతాయని నేను మాత్రం అనుకున్నానా?"

ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేయలేదు. వేస్తారని ఎదురుచూశాను. క్లాసులో మాట్లాడినట్టు, నెమ్మదిగా, గట్టిగా అన్నారు. "తప్పు చేశావు. చేసిన తప్పు కన్నా ఇన్నాళ్లు ఊరుకున్నది పెద్ద తప్పు. అది నన్ను తిడుతుంటే వింటూ కూచున్నావు చూడు, అదమ్మా నాకు కష్టమనిపించింది."

"ఇవాళే చెప్పేస్తాను. సాయంత్రం రాగానే చెప్తాను" అన్నాను.

"వద్దు. అది కోపిష్టిది, నీ మొహం మళ్లీ చూడదు. నేను వెళ్లిపోతాను. ఈ మంచులో దానికి నువ్వు కాక ఎవరున్నారు? వేలు ఎలాగూ రాదు. ఉన్నవాళ్లని ఎందుకు పోగొట్టుకోవడం?"

సరేనన్నాను. సరేనంటున్నప్పుడు నా గుండె మీంచి బండ దిగిపోయింది. ఆవిడ పెద్ద మనసుకి కళ్లనీళ్లు వచ్చాయని అప్పట్లో అనుకున్నాను. కాదు. తప్పించుకున్నానన్న సంతోషం అది. ఆ సంతోషం తలుచుకుంటే, చెప్పులు విప్పమన్నందుకు కన్నా ఎక్కువ సిగ్గేస్తుంది నాకు.

పిన్నిగారు తర్వాత పదేళ్లు బతికారు, మళ్లీ అమెరికా రాలేదు. మా ఆయన ఆ విషయం మళ్లీ ఎత్తకుండానే కన్నుమూశారు. నేనూ నా స్నేహితురాలూ ముసలివాళ్లమయ్యాం. ఇప్పటికీ నాలుగు వీధుల దూరమే. ఆ కథ తను వందసార్లు చెప్పి ఉంటుంది. ప్రతి పార్టీలోనూ నా వైపు తిరిగి "నువ్వున్నావుగా, చెప్పవే" అంటుంది. నేను అవునంటాను.

పోయిన నెల తనకీ షుగర్ బాగా పెరిగింది. కాళ్లు జాగ్రత్త అన్నాడట డాక్టరు. నేను చూడటానికి వెళితే, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు చూపించి నవ్వింది. "నాకేం భయం లేదులే. మా అమ్మలా చాదస్తంగా గుడి కనబడగానే విప్పేసే రకం కాదు నేను" అంది. నేను కూడా నవ్వబోయాను. నవ్వు రాలేదు. టీ సగంలో వదిలేసి వచ్చేశాను. తలనొప్పి అని చెప్పాను.

తను తెలుగు పత్రిక ఏదీ వదిలిపెట్టదు. ఇది అచ్చయితే చదువుతుంది. పేర్లు లేకపోయినా మేజోళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తుపడుతుంది. వద్దన్న మనిషి లేరు, ఆవిడ మాట దాటుతున్నాను. ఎదురుగా కూచుని చెప్పలేక ఇలా రాస్తున్నాను, అది కూడా పిరికితనమే. ఫోన్ చేస్తావో, చెయ్యవో నీ ఇష్టం. చెయ్యకపోతే నేను గుమ్మం తొక్కను. ఒక్కటి మాత్రం విను. మీ అమ్మకి చాదస్తం లేదే. విప్పమన్నది నేను.